నవ్వును నిలిపిన ఫిల్ము

పోయిన సంవత్సరము మా కళాశాలలో డిగ్రీ మొదటి సంవత్సరము వారికి కాంతి పాఠము చెబుతుండగా ఒక విద్యార్థి లేచి నిలబడి ఇట్లా అడిగాడు: "సార్, డెబ్బై ఏళ్ళనాటి అమెరికా హాస్యనాటిక ఒకటి నిన్న రాత్రి ఫోనులో చూశాను. నలుపు తెలుపు బొమ్మ. మాటలు సగమే అర్థమయినవి. అయినా పొట్ట చెక్కలయ్యేటట్లు నవ్వాను. బొమ్మ చూస్తే మొన్న తీసినట్లు తేటగా ఉన్నది. మా అమ్మానాన్నల పెళ్ళి కేసెట్టు మాత్రము పాతికేళ్ళకే పాడైపోయింది. దానికీ దీనికీ తేడా ఏమిటి?"

తరగతిలో కొందరు నవ్వారు గాని, ప్రశ్న నవ్వులాటది కాదు. ఆ రోజు నేను చెప్పిన సమాధానము నాకే తృప్తి నివ్వలేదు. ఈ వ్యాసము ఆ సమాధానమునకు సవరణ అనుకోవచ్చును.

అతడు చూసినది "ఐ లవ్ లూసీ" అనే ధారావాహిక. ఇంగ్లీషులో సిట్యుయేషన్ కామెడీ అనీ, పొట్టిగా సిట్‌కామ్ అనీ పిలిచే నాటికలలో దీనిది పెద్దపీట. ఈ కోవ నాటికల కట్టుబాటు సులభమైనది. అవే పాత్రలు, అదే ఇల్లు, వారము వారము ఒక కొత్త చిక్కు. అరగంటలో చిక్కు విడిపోతుంది. మరుసటి వారము అందరూ మళ్ళీ మొదటికే వస్తారు. మన తెలుగులో 2001 నుంచి 2007 వరకు వచ్చిన "అమృతం" ఇట్టిదే గనుక పాఠకులకు ఇంతకంటె వివరము అక్కరలేదు.

"ఐ లవ్ లూసీ" 1951 అక్టోబరు 15న అమెరికాలో సి.బి.యస్. సంస్థ ద్వారా మొదలై 1957 మే 6 వరకు సాగింది. ఆరు సంవత్సరముల ప్రసారములో నాలుగు సంవత్సరములు ఆ దేశములో అన్నిటికంటె ఎక్కువ మంది చూసిన కార్యక్రమము ఇదే. న్యూయార్కులో ఒక అద్దె వాటా. భర్త రికీ క్యూబా దేశమునుంచి వచ్చిన గాయకుడు, బ్యాండు నడుపుతాడు. భార్య లూసీకి తానూ వేదిక ఎక్కాలని తీరని కోరిక. ఇంటి యజమానులు ఫ్రెడ్, ఎథెల్ దంపతులు ప్రతి చిక్కులోనూ భాగస్వాములు. లూసీగా లూసీల్ బాల్, రికీగా డెజీ ఆర్నజ్ నటించారు. వారు నిజజీవితములో కూడా భార్యాభర్తలే.

ఇక ప్రశ్నకు వద్దాము. నిజానికి అందులో రెండు ప్రశ్నలున్నవి. ఆ బొమ్మ ఇన్నాళ్ళు ఎట్లా నిలిచింది? ఆ నవ్వు ఇంత దూరమునుంచి మనకెట్లా అంటుకొంటున్నది?

బొమ్మను పట్టుకొనడములోని చిక్కు

టెలివిజన్ కెమెరా తన ఎదుట ఉన్న దృశ్యమును విద్యుత్ సంకేతముగా మారుస్తుంది. ఆ సంకేతము తరంగముల రూపములో ప్రయాణము చేసి, ఇంటి పెట్టెలోని తెరపై మళ్ళీ బొమ్మ అవుతుంది. 1950 ప్రాంతములో ఆ బొమ్మల సంకేతమును దాచిపెట్టుకొనే టేపు ఇంకా వాడుకలోకి రాలేదు. నటులు స్టూడియోలో ఆడుతున్న క్షణములోనే ప్రేక్షకులు ఇళ్ళలో చూసేవారు. ఆట ముగిస్తే అంతా ముగిసినట్లే. వీధి నాటకమునకూ దీనికీ ఈ విషయములో భేదము లేదు.

దాచుకొనవలెనంటే ఒకే ఉపాయముండేది. టెలివిజన్ తెర ఎదుట సినిమా కెమెరా నిలబెట్టి, తెరమీది బొమ్మను ఫిల్ముపై తీయడము. దీనిని కినిస్కోపు అనేవారు. వినడానికి సులభముగానే ఉన్నది గాని, ఇక్కడ ఒక చక్కని లెక్క ఉన్నది. అమెరికా టెలివిజన్ బొమ్మ 525 గీతలతో ఏర్పడేది. ముందు బేసి గీతలు, తరువాత సరి గీతలు. ఇట్టి సగము బొమ్మలు సెకనుకు 60. సినిమా కెమెరా సెకనుకు తీసే చిత్రములు 24. అరవైని ఇరవై నాలుగుతో భాగిస్తే రెండున్నర. అనగా ఒక్కొక్క ఫిల్ము చిత్రము వంతుకు రెండున్నర సగము బొమ్మలు వస్తున్నవి. రెండింటిని కెమెరా పట్టుకొంటుంది. మిగిలిన అర వచ్చే వ్యవధి సెకనులో 120వ వంతు. ఆ వ్యవధిలోనే కెమెరా కన్ను మూసుకొని, ఫిల్మును ఒక చిత్రము మేర క్రిందికి లాగి, మళ్ళీ కన్ను తెరవాలి. లెక్క కొంచెము తప్పితే బొమ్మకు అడ్డముగా చార పడుతుంది. లెక్క సరిపోయినా, వెలుగు ఇన్ని చేతులు మారినందున అంచులు మొద్దుబారి, ముఖములు బూడిద పూసినట్లు కనిపించేవి.

బాల్, ఆర్నజ్ దంపతులు కాలిఫోర్నియాలో ఉండేవారు. ప్రేక్షకులలో ఎక్కువ మంది మూడువేల మైళ్ళ దూరమున తూర్పు తీరములో ఉండేవారు. రెండు తీరములను కలుపుతూ 107 మైక్రోవేవ్ గోపురముల మార్గము 1951 సెప్టెంబరులో పనిచేయసాగింది గాని, ఒప్పందపు మాటలు జరిగేనాటికి అది లేదు. కాలిఫోర్నియాలో ఆడితే తూర్పువారు మసక బొమ్మ చూడాలి. ఖర్చు పెట్టుకొంటున్న ఫిలిప్ మోరిస్ సిగరెట్ల కంపెనీ అందుకు ఇష్టపడలేదు. న్యూయార్కు వచ్చి ఆడమన్నారు. దంపతులు ఇల్లు వదలి రామన్నారు. మధ్యేమార్గముగా నాటికను మొదటినుంచి 35 మిల్లీమీటర్ల సినిమా ఫిల్ముపైనే తీస్తామన్నారు. ఖర్చు పెరుగుతుంది గనుక తమ జీతము తగ్గించుకొన్నారు. బదులుగా ఫిల్ముల హక్కు తమకే ఉండాలని కోరారు. ఒకసారి చూపిన నాటికకు తరువాత విలువ ఏముంటుందని ఆనాడు ఎవరూ ఆలోచించలేదు గనుక ఆ కోరిక తీరింది. కొన్ని సంవత్సరముల తరువాత అవే ఫిల్ములను సి.బి.యస్. సంస్థ కొన్ని మిలియన్ల డాలర్లిచ్చి కొనుక్కొన్నది.

కాని లూసీల్ బాల్ నటనకు ఎదుట మనుషులుండాలి. ఎదురుగా నవ్వేవారుంటేనే ఆమెకు ఊపు వచ్చేది. సినిమాలో ఒక్కొక్క దృశ్యము విడివిడిగా, దీపములు మార్చి మార్చి తీస్తారు. మూడువందల మంది ప్రేక్షకులను కూర్చోబెట్టి అట్లా తీస్తే, నాలుగోసారి అదే చమత్కారము విని ఎవరు నవ్వుతారు? అందుచేత మూడు సినిమా కెమెరాలను ఒకేసారి నడిపి, నాటకము వలె వరుసగా ఆడించాలని నిశ్చయించారు. ఇట్టి ప్రయత్నము అంతకుముందు కొందరు చేయకపోలేదు. దానిని సంపూర్ణమైన పద్ధతిగా తీర్చిదిద్దిన ఘనత వీరిది.

ఆ పద్ధతికి వెలుగు సమకూర్చినవాడు కార్ల్ ఫ్రాయిండ్. ఈయన బొహీమియాలో పుట్టి, జర్మనీలో పేరుపొందిన ఛాయాగ్రాహకుడు. 1927లో విడుదలైన "మెట్రోపోలిస్" చిత్రము తీసినవారిలో ఒకరు. "ది గుడ్ ఎర్త్" అనే 1937 నాటి చిత్రమునకు ఆస్కారు బహుమతి పొందినవాడు. కాంతిని కొలిచే పరికరములను తయారుచేసే సంస్థను స్వయముగా స్థాపించినవాడు కూడా. మన భాషలో చెప్పాలంటే సగము కళాకారుడు, సగము భౌతికశాస్త్రజ్ఞుడు.

ఆయన ఎదుట ఉన్న చిక్కు ఇది. మూడు కెమెరాలు మూడు దిక్కులనుంచి చూస్తూ నేలపై అటూ ఇటూ దొర్లుతుంటవి. దీపపు స్తంభములు నేలమీద ఉంటే కెమెరాలకు దారి ఉండదు. ఒక కెమెరాకు బాగున్న వెలుగు మరొకదానికి నీడ కావచ్చును. అందుచేత దీపములన్నిటిని పైకప్పునుంచి వ్రేలాడదీసి, నేలంతా దాదాపు ఒకే తీరు వెలుగు పరచాడు. ముఖములపై నీడలు పడకుండా కెమెరాలమీద కూడా చిన్న దీపములు అమర్చాడు.

ఇంతకంటె సూక్ష్మమైనది నలుపు తెలుపుల తారతమ్యము. మిట్టమధ్యాహ్నము ఎండలో ఆరవేసిన తెల్లపంచెను, చెట్టునీడలో పడుకొన్న నల్లమేకను మన కన్ను ఒకే చూపులో పోల్చుకొంటుంది. ఫిల్ము అంత విశాలముగా చూడలేదు. ఆనాటి టెలివిజన్ గొట్టము ఇంకా ఇరుకైనది. ఫిల్మును టెలివిజన్ ద్వారా ప్రసారము చేసినప్పుడు తేడా మరింత ఎక్కువై, తెల్లనివి సున్నపు గోడలు గాను, నల్లనివి బొగ్గు కుప్పలు గాను మారేవి. ప్రసారములో పెరుగుతుందని తెలిసిన తేడాను ముందే తగ్గించి పెట్టడము ఫ్రాయిండ్ చేసిన పని. గోడలకు, సామానులకు రకరకాల బూడిదరంగులు వేయించాడు. వార్తాపత్రిక వంటి తెల్లని వస్తువులకు సైతము కొంచెము రంగు అద్దించాడు. సాంబారు మరిగితే ఉప్పు తేలుతుందని తెలిసిన వంటమనిషి ముందు ఉప్పు తగ్గించి వేసినట్లు. లూసీల్ బాల్ ఎర్రజుట్టు లోకప్రసిద్ధము గదా. ఆ జుట్టును లక్షల మంది చూసినది బూడిదరంగులోనే!

మూడు కెమెరాలలో మధ్యది వెడల్పు కటకముతో గది మొత్తమును, ప్రక్కవి రెండూ దగ్గరి బొమ్మలను తీసేవి. ఒక్కొక్కటి నిమిషానికి 90 అడుగుల ఫిల్ము తింటుంది. మూడు ఫిల్ములను ప్రక్కప్రక్కన నడిపి చూస్తూ ఏ క్షణములో ఏ బొమ్మ ఉంచాలో నిర్ణయించుకొనడానికి ప్రత్యేకముగా ఒక యంత్రము వాడారు. దానికి వారు పెట్టిన ముద్దుపేరు మూడు తలల రాకాసి.

ఫిల్ము ఎందుకు నిలుస్తుందో రసాయనశాస్త్రము చదివినవారికి తెలుసు. వెలుగు సోకిన వెండి లవణపు రేణువులు కడిగినప్పుడు లోహపు వెండిగా మారుతవి. ఆ రేణువులు జిలాటిను పొరలో చిక్కుకొని ఉంటవి. అయస్కాంతము వాటిని కదల్చలేదు. ఫిల్మును మరోసారి వాడుకొనడము సాధ్యము కాదు. పొడి చోట, చల్లని చోట ఉంచితే తరములు గడచినా తేటదనము పోదు. నేటి ఫోను తెరకు కావలసిన వివరములన్నీ 1951లోనే ఆ ఫిల్ములో ఉన్నవి. మా విద్యార్థి చూసిన తేటదనము అక్కడిది.

చాకలెట్ల పట్టీ

బొమ్మ నిలిచినంత మాత్రాన అందులో ఉన్నది నిలవదగినదై ఉండాలి గదా. 1952 సెప్టెంబరు 15న ప్రసారమైన ఒక భాగము తీసుకొందాము. ఆడవారు సంపాదించి చూపించాలి, మగవారు ఇల్లు నడిపి చూపించాలి అని పందెము. ఇంట్లో రికీ, ఫ్రెడ్ అన్నము వండబోతారు. మనిషికి ఎంత బియ్యము పడుతుందో తెలియదు. బియ్యము ఉడికితే సుమారు మూడింతలవుతుందని మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వారికి తెలియక అన్నము గిన్నెలు దాటి పొంగి నేలమీదికి వస్తుంది.

అదే సమయమున లూసీ, ఎథెల్ చాకలెట్ల కర్మాగారములో ఉంటారు. కదిలే పట్టీమీద చాకలెట్లు వరుసగా వస్తుంటవి. ఒక్కొక్కదానికి కాగితము చుట్టి మళ్ళీ పట్టీమీద పెట్టాలి. చుట్టనిది ఒక్కటి దాటిపోయినా ఉద్యోగము పోతుందని పర్యవేక్షకురాలు చెప్పి వెళుతుంది. మొదట బాగానే ఉంటుంది. తరువాత పట్టీ వేగము పెరుగుతుంది.

ఇది నిజానికి గణితము. సెకనుకు ఒక చాకలెట్టు వచ్చి, ఒకటి చుట్టడానికి రెండు సెకనులు పడుతుందనుకొందాము. ఒక్క మనిషికి నిమిషములో అరవై వస్తవి, ముప్ఫై పూర్తవుతవి, ముప్ఫై మిగులుతవి. రెండవ నిమిషము చివర అరవై. రాక వేగము పని వేగమును దాటిన తరువాత నిలువ పెరగడమే గాని తగ్గడముండదు. మిగిలినవాటిని ఎక్కడో ఒకచోట పెట్టాలి. వారు నోటిలో కుక్కుకొంటారు, టోపీలో దాచుకొంటారు, దుస్తులలోకి తోసుకొంటారు. పర్యవేక్షకురాలు తిరిగివచ్చి చూస్తే పట్టీ శుభ్రముగా ఉన్నది. వీరు బాగా చేస్తున్నారని సంతోషించి ఇంకా వేగముగా నడపమని కేక వేస్తుంది.

ఇందులో అర్థముకాని మాట ఒక్కటీ లేదు. రేషను దుకాణము ముందు, బస్టాండు టిక్కెట్టు కిటికీ ముందు ఈ లెక్కను మనమందరము అనుభవించినవారమే. ప్రేక్షకునికి ముందు జరగబోయేది తెలుసు, పాత్రకు తెలియదు. ఇంగ్లీషు సగమే వచ్చిన కుర్రవాడు నవ్వడములో ఆశ్చర్యమేమున్నది? మాటల చమత్కారములపై ఆధారపడిన నాటికలు భాషతోపాటు ముసలివైపోతవి. పరిమాణముల తారుమారుపై కట్టిన హాస్యము ముసలిది కాదని నా అభిప్రాయము. ఈ విషయములో సాహిత్యశాఖ మిత్రులు నాతో ఏకీభవించరు.

ఫిల్ము వలన మరొక మేలు కలిగింది. 1952లో లూసీల్ బాల్ గర్భవతి అయింది. ప్రత్యక్ష ప్రసారమే అయితే ధారావాహికను ఆపవలసి వచ్చేది. వారు గర్భమును కథలోనే చేర్చి, భాగములను ముందుగా తీసి పెట్టుకొన్నారు. గర్భవతి అనే మాటను పాత్రల నోట పలికించడానికి సి.బి.యస్. వారు ఒప్పుకొనలేదట! కథలో బిడ్డ పుట్టిన భాగము 1953 జనవరి 19న ప్రసారమయింది. అదే రోజున ఆమెకు నిజముగానే కొడుకు పుట్టాడు. ఆ రాత్రి సుమారు 4 కోట్ల 40 లక్షల మంది చూశారు. మరునాడు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రమాణస్వీకారమును టెలివిజన్‌లో చూసినవారు అంతకంటె తక్కువ.

చెరిగిపోయినవి

ఇంతకంటె ముందు పుట్టిన హాస్యనాటికలు లేకపోలేదు. బ్రిటన్‌లో బి.బి.సి. వారు 1946-47లో "పిన్‌రైట్స్ ప్రోగ్రెస్" అనే నాటికను పది భాగములుగా ప్రసారము చేశారు. దానినే టెలివిజన్ మొదటి సిట్‌కామ్ అంటారు. ఒక్క భాగమూ లేదు. అమెరికాలో 1947లో మొదలైన "మేరీ కే అండ్ జానీ" కూడా దాదాపు అంతా నశించింది. అవి ఎంత బాగుండేవో, ఎంత చప్పగా ఉండేవో చెప్పడానికి ఆధారము లేదు. మంచివి కనుకనే పాతవి నిలిచినవని మనము తరచుగా అంటాము. నిలిచినవాటిలో మంచివాటినే మనము చూస్తున్నామన్నది అంతకంటె సరియైన మాట.

1956లో ఆంపెక్స్ కంపెనీ వీడియో టేపును ప్రదర్శించింది. ప్లాస్టిక్ పట్టీపై పూసిన ఇనుప ఆక్సైడు రేణువుల అయస్కాంత దిశలలో బొమ్మ దాగి ఉంటుంది. చెరపవలెనంటే బలమైన ప్రత్యావర్తన అయస్కాంత క్షేత్రములో నడిపితే చాలు, రేణువుల దిశలు చెదరి టేపు కొత్తదవుతుంది. ఈ సుగుణమే శాపమయింది. ఆనాడు టేపు చాలా ఖరీదు. అలమరలలో చోటు తక్కువ. ఒకసారి చూపిన నాటికను చెరిపి మరొకటి ఎక్కించడము పొదుపుగా తోచింది.

1968 నుంచి 1977 వరకు బి.బి.సి. ప్రసారము చేసిన "డాడ్స్ ఆర్మీ" బ్రిటిష్ వారికి మిక్కిలి ఇష్టమైన హాస్య ధారావాహిక. రెండవ ప్రపంచయుద్ధములో ఊరికాపలా కాసిన ముసలి సైనికుల కథ. 80 భాగములలో రెండవ వరుసకు చెందిన అయిదు చాలాకాలము కనబడలేదు. 2001లో వాటిలో రెండు ఫిల్ము రూపములో దొరికినవి. దొరికినది టేపు కాదు, ఫిల్ము అని గమనించాలి. మిగిలిన మూడింటి బొమ్మ నేటికీ లేదు.

అంటుకొనే నవ్వు

రెండవ ప్రశ్న మిగిలి ఉన్నది. "లూసీ" చూస్తున్నప్పుడు వినవచ్చే నవ్వు ఆ మూడువందల మందిది. వారి తలలపై మైకులు వ్రేలాడదీసి ఆ ధ్వనిని పట్టారు. నవ్వు తగ్గేవరకు నటులు తరువాతి మాట పలకక ఆగుతారు. ఆ ఆగడములోనే ఆ నాటికల తాళము ఉన్నది.

అందరికీ ప్రేక్షకులు దొరకరు గదా. సి.బి.యస్.లో పనిచేసిన చార్లీ డగ్లస్ అనే ఇంజనీరు 1950లలో ఒక నవ్వుల పెట్టె తయారుచేశాడు. టేపు చుట్టలమీద రకరకాల నవ్వులు. మీటలు నొక్కితే చిరునవ్వు, పకపక, కేరింత. ఆ పెట్టెను స్టూడియోలకు మోసుకొనిపోయి అవసరమైనచోట నవ్వు చల్లేవాడు. దీనిని దుర్వినియోగము చేసినవారే ఎక్కువ. "మాష్" అనే ధారావాహిక 1972 నుంచి 1983 వరకు సాగింది. కొరియా యుద్ధములోని సైనిక వైద్యుల కథ అది. శస్త్రచికిత్స గదిలో నవ్వు వినిపించరాదని దాని నిర్మాతలు పట్టుపట్టి సాధించుకొన్నారు. నా దృష్టిలో అది టెలివిజన్ చరిత్రలోనే మెచ్చదగిన పట్టుదల.

నవ్వు అంటువ్యాధి అన్న సంగతి ప్రయోగములలో తేలినదే. అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ప్రొవైన్ బజారులలో, కళాశాల ఆవరణలలో తిరిగి 1,200 నవ్వు సందర్భములను వ్రాసుకొన్నాడు. నవ్వుకు ముందు పలికిన మాటలలో చమత్కారమనదగినవి 20 శాతము లోపే. చాలావరకు "సరే, మళ్ళీ కలుద్దాము" వంటి మామూలు మాటలకే మనుషులు నవ్వుతున్నారు. టెలివిజన్, పుస్తకము వంటివి లేనప్పుడు, ఒంటరిగా ఉన్నవారికంటె నలుగురిలో ఉన్నవారు సుమారు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతారని కూడా ఆయన లెక్కించాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో సోఫీ స్కాట్ బృందము 2019లో మరొక ప్రయోగమును ప్రకటించింది. చప్పని జోకులను ఎంచుకొని, కొన్నిటికి నటించిన నవ్వు, కొన్నిటికి నిజమైన నవ్వు చేర్చి వినిపించారు. నవ్వు చేర్చినవి ఎక్కువ హాస్యముగా ఉన్నవని విన్నవారు మార్కులు వేశారు. నిజమైన నవ్వు చేర్చినవాటికి ఇంకా ఎక్కువ మార్కులు పడినవి.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేసి చూడవచ్చును. పది చప్పని జోకులను ఒక విద్యార్థిచేత చదివించి ఫోనులో రికార్డు చేయండి. రెండవ ప్రతిలో అవే జోకుల చివర పిల్లల సహజమైన నవ్వు చేర్చండి. రెండు సెక్షన్లకు చెరొకటి వినిపించి, ప్రతి జోకుకు ఏడింటికి మార్కులు వేయమనండి. సగటులు పోల్చండి. ఒక జాగ్రత్త. వింటున్నవారు ఒకరి నవ్వు ఒకరికి వినబడకుండా ఒక్కొక్కరే వినాలి. లేకపోతే తరగతి నవ్వే ఫలితమును తారుమారు చేస్తుంది.

ఇక పెళ్ళి కేసెట్టు సంగతి. ఆ విద్యార్థి దానిని తీసుకొనివచ్చాడు. రీలు అంచున తెల్లని బూజు ఉన్నది. అయస్కాంతపు రేణువులను పట్టి ఉంచే జిగురు మన తేమకు మెత్తబడుతుంది, దానిపై శిలీంధ్రము పెరుగుతుంది. బూజుతో నడిపితే యంత్రపు తల పాడవుతుంది, టేపు గీసుకొనిపోతుంది. అందుచేత నడపవద్దని చెప్పి, పాత వీడియో యంత్రములు బాగుచేసే ఒక పెద్దమనిషి వద్దకు పంపాను. ఆయన ఓపికగా శుభ్రము చేసి, పదకొండు నిమిషములు మాత్రము కంప్యూటరులోకి ఎక్కించగలిగాడు.

దానిని తరగతిలో చూపించాము. బొమ్మ చాలాచోట్ల మంచు కురిసినట్లున్నది. శబ్దము కొంత నయము. పీటల దగ్గర ఎవరో ముసలాయన ఏదో అన్నాడు. ఆ మాట గరగరలో కలిసిపోయింది. వెంటనే చుట్టూ ఉన్న చుట్టాలందరూ గొల్లున నవ్వారు. ఆయన ఏమన్నాడో మా కుర్రవాడికీ తెలియదు. అయినా తరగతిలో అరవై మందీ నవ్వారు.